మొగుడంపల్లిలో మంచు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టాలంటే మనిషి తలలో కొన్నయినా తెల్ల వెంట్రుకలుండాలని మా ఇంట్లో ఒక అభిప్రాయం ఉంది. నాకు ప్రస్తుతానికి రెండున్నాయి. రెండూ మా మిలిటరీ మామ నవల టైపు చేస్తున్నప్పుడు వచ్చినవే కాబట్టి, కనీసం ఆ నవల గురించి చెప్పేటప్పుడైనా ‘ఆ రోజుల్లో’ అనే హక్కు నాకుందనుకుంటాను. ఆ రోజుల్లో, అంటే జహీరాబాద్‌లో అందరి చేతుల్లోనూ ఫోన్లున్నా పెళ్ళిపత్రిక మాత్రం కాగితం మీదే అచ్చు కావాలని పట్టుబట్టే రోజుల్లో (ఆ రోజులు ఇంకా పోలేదు, నేనే అక్కణ్ణుంచి పోయాను), బస్టాండు వెనక సందులో ఒక డీటీపీ సెంటర్లో పనిచేసేదాన్ని. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, సంబంధాలు మాత్రం వస్తున్నాయి. ఈ మూడింటి మధ్య ఖాళీలో కూర్చోవడానికి నాకొక కుర్చీ కావాల్సి వచ్చింది, అది ఆ షాపులో దొరికింది. పెళ్ళిపత్రికలు, దరఖాస్తులు, ‘మా అన్నకు జన్మదిన శుభాకాంక్షలు’ ఫ్లెక్సీలు, ఇదీ నా సాహిత్య రంగం. ఎవరు ఎంత గంభీరంగా వచ్చి ఎంత గంభీరమైన కాగితం ఇచ్చినా, దాంట్లో నవ్వొచ్చే ముక్క ఒకటి ఏరి పైకి చదివితేగానీ నాకు టైపింగ్ సాగేది కాదు. “నీ నోట్లె మన్ను వొయ్య, సావు కార్డు చూసి కూడ నవ్వుతవా?” అనేది మా అమ్మ. (ఆ కార్డులో పోయినాయన పేరు కిందే ‘తప్పక విచ్చేసి ఆనందింపజేయ ప్రార్థన’ అని ఉంది. ఎవరికైనా ఎట్లా ఆగుతుంది?)

మిలిటరీ మామ మా అమ్మకు సొంత అన్న. ఫౌజులో ఆయన తుపాకీ కంటే ఎక్కువగా మోసింది వైర్‌లెస్ సెట్టు. రిటైరై వచ్చి ఏళ్ళు గడిచాయి. సెట్టు భుజం మీద నుంచి దిగిందిగానీ మనిషిలోంచి దిగలేదు. ఫోన్లో మాట్లాడితే ప్రతి వాక్యం తర్వాతా ఒక క్షణం ఆగి, అవతలివాళ్ళ మాట పూర్తయిందని నమ్మకం కుదిరాకే నోరు విప్పుతాడు. అన్నింటికంటే ముఖ్యం, మనం పిలవకుండా తనంతట తాను మాట మొదలుపెట్టడు. పిలిస్తే మాత్రం, అడిగినదానికి అడిగినంత. “తిన్నవా మామా?” అంటే “తిన్న” అంటాడు. “ఏం తిన్నవ్?” “జొన్నరొట్టె.” “దాంట్లకు?” “పప్పు.” ఇట్లా ఒక్కొక్క ముక్కా లాగితేగానీ ఆయన భోజనం మనకు పూర్తి కాదు.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం, ఇస్త్రీ మడత నలగని చొక్కాతో షాపులోకి నడిచొచ్చి, కట్ట కట్టిన రూళ్ళ కాగితాలు నా టేబుల్ మీద పెట్టి, నేను పిలిచేదాకా నిలబడ్డాడు.

“ఏంది మామా గిది?”

“నవల.”

“ఏం నవల?”

“మిలిటరీ థ్రిల్లర్.”

“ఎవరు రాసిన్రు?”

“నేను.”

నా జీవితంలో నాకు జోకు తట్టని క్షణాలు చాలా తక్కువ. అది వాటిలో ఒకటి. “ఎందుకు రాసినవ్ మామా?” అని మాత్రం అడగగలిగాను. ఎవరూ ఎప్పుడూ అడగని ప్రశ్న కాబోలు, ఆయన ఆ రోజు గుక్క తిప్పుకోకుండా మాట్లాడాడు.

“నాకు సగం ఉమ్రు రైల్లనే గడిచింది, నీకెరుకేనాయె. స్టేషన్ల గీ ఫౌజు నవలలే కొనుక్కొని సదువుతుంటి. రాసినోళ్ళందరు మునుపు ఫౌజుల జేసినోళ్ళే. రిటైరైన మేజర్లు, కర్నళ్ళు. మంచిగనే రాస్తరు, నేను కాదంటలేను. కానీ ఒక్కటి జెప్పు బిడ్డా. ప్రతి నవలల గా వైర్‌లెస్ మోసెటోడు రెండో అధ్యాయంలనే ఎందుకు సావాలె?”

నేను కొంచెం ఆలోచించాను. “వాడు సస్తెనే కద మామా కథ నడిచేది? బతికుంటె సెట్టు తీసి మదత్ పిలుస్తడు. హెలికాప్టర్ వస్తది, నవల ఖతం.”

“గందుకే రాసిన. నా నవలల వాడు సావడు.”

నాకు ఆ మాట నచ్చింది. “సరే, ఎవరు సదవాలె గిది? జహీరాబాద్‌ల నవలలు కొనెటోళ్ళు ఎందరున్నరని?”

మామ ఆ క్షణం పాటు ఆగాడు, వైర్‌లెస్‌లో లైను ఖాళీ అయిందో లేదో చూసుకున్నట్టు. “మీ అత్త సదవాలె. మిగిలినోళ్ళు సదివితె సదవని, లేకుంటె లేదు.”

ఇక్కడ మీకు మా అత్త సంగతి చెప్పాలి. అత్త పుట్టిల్లు మొగుడంపల్లి. తొలి కాన్పుకు తల్లిగారింటికి పోయింది. చలికాలం. మామ ఎక్కడో మంచుకొండల మీద డ్యూటీలో ఉన్నాడు. ఎక్కడో ఎవరికీ తెలియదు. బిడ్డ పుట్టింది, ఇరవయ్యొక్కటి చేశారు, పేరు పెట్టారు, మామ రాలేదు. కబురూ రాలేదు. ఎండలు ముదిరాక వచ్చాడు. కన్నబిడ్డ ఆయన మీసాలు చూసి గుక్కపట్టి ఏడ్చింది. ఆ రోజు అత్త ఒకే ఒక్కసారి అడిగిందట. “ఇన్ని దినాలు ఏడుంటివి? ఒక్కనాడన్న మేం యాదికొచ్చినమా?” మామ బూట్లు విప్పుకుంటూ “చెప్పరాదు” అన్నాడట. “సరే తీ” అంది అత్త. అంతే. మళ్ళీ అడగలేదు. కొట్లాడనూ లేదు. వేళకు రొట్టె పెట్టింది, పిల్లల్ని పెంచింది, నవ్వింది, నవ్వించింది. కానీ ఎవరు ఫౌజు మాటెత్తినా, పొయ్యి మీద ఏమీ లేకపోయినా ‘పొయ్యి మీద పెట్టొచ్చిన’ అని లేచిపోతుంది. మామను పిలిస్తేగానీ పలకడు, అత్త ఆ ఒక్క విషయం మీద మళ్ళీ పిలవలేదు. అట్లా ఇరవై ఏళ్ళ పైమాట.

నవల సంగతి చెవిన పడగానే అత్త తీర్పు కూడా వచ్చేసింది. రోలు దగ్గర పచ్చడి నూరుతూ నాతో అంది, “గప్పుడు ఇంట్ల చెప్పనోడు ఇప్పుడు ఊరందరికి చెప్తడా? నేను సదవ. నువ్వు టైపు జేసుకుంటె జేసుకో, నాకేం ఫికర్ లేదు.” ఫికర్ లేనిదానికి పచ్చిమిరపకాయల్ని అంత గట్టిగా నూరాల్సిన పనిలేదనిపించిందిగానీ, రోకలి ఆవిడ చేతిలో ఉంది కాబట్టి ఊరుకున్నాను.

ఇక టైపు చేయడం మొదలుపెట్టాను. నేను థ్రిల్లర్లు చదివిన మేధావిని. మొదటి వాక్యంలో శవం, మూడో పేజీలో మోసం, ప్రతి అధ్యాయం చివర తలుపు మీద దబదబా, ఇలా ఉంటుందని ఆశించాను. మామ నవల ఫౌజు ఆర్డరులా ఉంది. ప్రతి పేరాకూ నంబరు, ఉప పేరాకు అక్షరం. ‘పేరా పదకొండు. ఉద్దేశం: నాయిక ఇంటికి వెళ్ళి ప్రేమ తెలియజేయుట. పద్ధతి: (క) వెనక వాకిలి గుండా ప్రవేశం. (ఖ) ప్రేమ తెలియజేయుట. (గ) వచ్చిన దారినే తిరుగు ప్రయాణం. వాతావరణం: పొడి.’ నాయిక ఏమన్నదో ఎక్కడా లేదు. అడిగితే “ఏమన్లే. గామె సెట్టు బంద్ ఉండె” అన్నాడు. నాయకుడికి పేరు లేదు, పేర్లు చెప్పడం భద్రతకు ముప్పట. శత్రువుకూ పేరు లేదు, వాడి భద్రతకేం ముప్పో నాకు తెలియదు. పతాక సన్నివేశంలో నాయకుడు ఒంటిచేత్తో బంకరు పట్టుకుంటాడు. బాగుంది అనుకునేలోగా, ఆ తర్వాత అధ్యాయమంతా పేల్చిన తూటాల ఖాళీ గొట్టాలు మంచులోంచి ఏరతాడు. ఒకటి తక్కువ వస్తుంది. దానికోసం ఇంకో అధ్యాయం.

“మామా, దేశం గెలిచింది. గా ఒక్క గొట్టం పోతె పోనియ్యి” అని బతిమాలాను.

“పోనిస్తె? కింద స్టోర్‌ల లెక్క ఎవరప్పజెప్తరు, నువ్వా?”

“సదివెటోళ్ళకు గది అవసరమా?”

“తుపాకి పేల్చినోనికి గదే అవసరం” అన్నాడు మామ. మేజర్లూ కర్నళ్ళూ రాసిన నవలల్లో ఎవరూ గొట్టాలు ఏరరనీ, ఏరేవాళ్ళు నవలలు రాయరు కాబట్టే ఆ సంగతి లోకానికి తెలియలేదనీ నాకర్థమైంది. ఆ అధ్యాయం ఉంచేశాను. నిజం చెప్పాలంటే నవల మొత్తంలో ఉత్కంఠ ఉన్న భాగం అదొక్కటే. ఆ గొట్టం దొరికినప్పుడు నేను షాపులో చప్పట్లు కొట్టాను. (అది బూటు లోపల ఉంది.)

అసలు గొడవ ఊళ్ళ పేర్లతో వచ్చింది. మంచుకొండలు, లోయలు, ఊపిరాడని ఎత్తులు, అన్నీ ఉన్నాయి. కానీ నాయకుడు ఉన్న శిఖరం పేరు జహీరాబాద్. పక్క శిఖరం రాయికోడ్. లోయ పేరు చిరాగ్‌పల్లి. అన్నిటికంటే దూరంగా, అన్నిటికంటే ఎత్తుగా ఉన్న కాపలా పోస్టు మొగుడంపల్లి. ‘మొగుడంపల్లిలో మోకాలి లోతున మంచు కురిసింది’ అనే వాక్యం టైపు చేస్తున్నప్పుడు నేను కుర్చీలోంచి పడిపోకుండా టేబుల్ పట్టుకున్నాను. ఎర్రమట్టి నేల, అల్లం, ఆలుగడ్డ, చెరుకు. ఆ ఊళ్ళో మంచు అనేది ఎండాకాలం ఐసుబండి గంట కొట్టినప్పుడు తప్ప ఎవరూ చూసిన పాపాన పోలేదు.

“మామా, మొగుడంపల్లిల మంచేంది?”

“పడ్డది.”

“ఎప్పుడు?”

“నవలల.”

“అసలు ఊర్ల పేర్లు పెట్టరాదా? కొండలకు కొండల పేర్లు?”

“చెప్పరాదు.”

“మరి నీకిష్టమొచ్చిన పేర్లు పుట్టించు. ఏదన్న గంభీరంగ. నాగశిఖరం, మృత్యులోయ...”

“పుట్టిచ్చుడు లేదు. ఉన్నదున్నట్టు కొట్టు.”

అదేం జవాబో నాకర్థం కాలేదు. అర్థం కానప్పుడు నేను చేసే పనే చేశాను. వచ్చిన ప్రతి గిరాకీకీ ఆ వాక్యం చదివి వినిపించాను. వారం తిరిగేలోగా బస్టాండు వెనక సందంతా ఎండకు చెమట తుడుచుకుంటూ “మొగుడంపల్లిల మంచు పడ్తుందట, స్వెటర్ తీసుకపో” అని ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఆ ఘనత నాదేనని లోలోపల మురిసిపోయాను.

ఇంకొక తంటా. ప్రతి అధ్యాయం ఒకే వాక్యంతో మొదలవుతుంది. నాయకుడు తెల్లవారగానే సెట్టు ముందు కూర్చుని పిలుస్తాడు. ‘మొగుడంపల్లి, మొగుడంపల్లి, ఖైరియత్ చెప్పు. ఓవర్.’ అవతలి నుంచి ‘మొగుడంపల్లి ఖైరియత్’ అని వస్తుంది. అంటే అంతా క్షేమమని. ఒక అధ్యాయంలో బాగుంటుంది, రెండింటిలో సరే. ప్రతిసారీ ఇదే అయితే పాఠకుడు పుస్తకం మూసి అవతల పడేస్తాడు. ఒకచోట మాత్రం పిలిచినా జవాబు రాదు. శత్రువు మొగుడంపల్లిని ఆక్రమించాడు. అక్కణ్ణుంచే అసలు కథ. కాబట్టి ముందున్నవన్నీ ఎర్రపెన్నుతో కొట్టేసి చూపించాను.

“గిది థ్రిల్లర్ మామా. ఉరకాలె. నువ్వేమొ ప్రతి అధ్యాయంల కుశల ప్రశ్నలు అడుగుతున్నవ్. పెళ్ళోళ్ళ లెక్క.”

మామ కాగితాలు తీసుకుని, నేను కొట్టేసిన ప్రతి గీత పక్కనా పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టాడు, వాక్యం ఉండాలని గుర్తు. “గొట్టాలు తీస్తె తియ్యి. గా ప్రేమ సంగతి తీస్తె తియ్యి. నాయకుణ్ణి సంపుతె సంపు” అన్నాడు. “గిదొక్కటి తియ్యకు.”

సావని వైర్‌లెస్‌వాడి కోసమే నవల రాసిన మనిషి వాణ్ణే వదులుకుంటానన్నాడంటే నాకప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. ఏడో అధ్యాయంలో ‘ఖైరియత్’ పక్కన టైపింగ్ తప్పు దిద్దుకుంటూ, ముసలివాళ్ళ చాదస్తం అనుకున్నాను.

ప్రూఫులు తీసుకెళ్ళి అత్త వంటింటి గూట్లో, కళ్ళద్దాల పక్కనే, చూడకుండా ఉండలేని చోట పెట్టొచ్చాను. రెండ్రోజుల తర్వాత వెళితే మిద్దె మీద అప్పడాలు ఎండుతున్నాయి, వాటి కింద నవల. అచ్చున్న వైపు కిందికి, తెల్లగా ఉన్న వైపు పైకి, ఒక్క కాగితం కూడా తప్పకుండా బోర్లా పరిచింది. “అత్తా, జర ఒక్క పేజీ...” అన్నాను. “సిరా అప్పడాలకు అంటుకుంటది” అంది అత్త. మామ మిద్దె మెట్ల మీద నిలబడి ఆ కాగితాల వైపు చూస్తున్నాడు. ఏమీ అనలేదు. ఎవరూ పిలవలేదు కదా.

ఆవిష్కరణ ఒక ఫంక్షన్ హాల్లో పెట్టాం, రెండు పెళ్ళిళ్ళ మధ్య ఖాళీ దొరికిన పొద్దున. వెనక ఎవరో కొత్త జంట పేర్లు పూలతో రాసి ఉన్నాయి, తీయడానికి టెంటువాళ్ళు రాలేదు. కార్డులో పది గంటలని వేశాం. మన దగ్గర పది అంటే అర్థమేమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు, ముఖ్య అతిథిగా పిలిచిన రిటైర్డు సారుకూ తెలుసు. మామకు తెలియదు. పది కొట్టగానే పుస్తకం తనే పైకెత్తి, కుర్చీలు దులుపుతున్న టెంటు కుర్రాడి ముందు ఆవిష్కరించి, దించేశాడు. పదకొండున్నరకు జనం వచ్చారు. “ఐపోయింది” అన్నాడు మామ. ముఖ్య అతిథి ముఖం చూడలేక, పుస్తకం మళ్ళీ కాగితంలో చుట్టి, మళ్ళీ విప్పించాను.

అత్త వచ్చింది. పుస్తకం కోసం కాదు, ఉప్మా కోసం. అంటే చేయించిన ఉప్మా సరిగ్గా వడ్డిస్తారో లేదో చూడ్డానికి. చివరి వరసలో, స్టేజీ వైపు సగం వీపు పెట్టి కూర్చుంది. మైకు నా చేతిలో ఉంది. నాకు మైకు ఇవ్వడం మా బంధువర్గం ఆ తర్వాత ఎప్పుడూ చేయలేదు.

నవల పరిచయం చేస్తూ ఆ వాక్యం చదివాను, చదవకుండా ఉంటానా? ‘మొగుడంపల్లిలో మోకాలి లోతున మంచు కురిసింది.’ హాలంతా గొల్లుమంది. ఆ ఊపులో శత్రువు మొగుడంపల్లిని ఆక్రమించిన ఘట్టం కూడా చదివాను. అప్పుడు లేచాడు అల్లం కాక. అంటే అత్త తమ్ముడు. అల్లం వేస్తాడు, అల్లమే మాట్లాడతాడు, ఘాటు కూడా అదే.

“ఏం బావా, గిదేం ఇజ్జత్ తీసుడు? పిల్లనిచ్చిన ఊరు గద. గా ఊరినే దుష్మన్లకు అప్పజెప్తివా? మా ఊర్ల మొగోళ్ళు లేరనుకున్నవా?”

“నీది నయం పటేలా” అన్నారెవరో పక్కనుంచి. “మా రాయికోడ్ మీద ఎన్ని బాంబులేసిన్రో ఇన్నవా? ఒక్క గోడ మిగల్లే.”

“అమ్మా, మా చిరాగ్‌పల్లి ఏమన్న ఉన్నదా జర చూడు” అని ఒక పెద్దాయన చెయ్యెత్తాడు.

“ఉన్నది తాతా. హీరో ఆడ చాయ్ తాగిండు.”

ఆయన రెండు వైపులా చూసి మీసం సవరించుకున్నాడు. హాలు ఇంకోసారి గొల్లుమంది. మామ మాత్రం స్టేజీ మీద చేతులు ప్యాంటు కుట్టుకు ఆనించి, ఎక్కడో హాలు చివరి గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ గోడకు ఇవతల ఉన్నది అత్త వీపు. నేను నా విజయోత్సాహంలో మైకు ఆయన వైపు తిప్పాను. “మామా, మొగుడంపల్లోళ్ళకు జవాబియ్యి. మంచు పడని ఊర్ల పేర్లు మంచుకొండలకు ఎందుకు పెట్టినవ్?”

అడిగాను కాబట్టి చెప్పాడు. నవల్లో రాసినట్టే, పేరాలుగా.

“ఒకటి. వైర్‌లెస్‌ల పోస్టు అసలు పేరు చెప్పరాదు. దుష్మన్ వింటుంటడు. ప్రతి పోస్టుకు ఒక దొంగ పేరు పెట్టుకోవాలె. రెండు. గా చలికాలం పేర్లు పెట్టే డ్యూటీ సాబ్ నాకిచ్చిండు. ఎవరికి తెల్వని పేర్లు కావాలన్నడు. మన ఊర్లు ఎవరికి తెలుసు? మా పోస్టు జహీరాబాద్. పక్కది రాయికోడ్. మూడు. అందరికన్న దూరం పోస్టుకు మొగుడంపల్లి అని పెట్టిన. మంచు వడ్డంక గాడికి ఎవరు పోరాదు, ఆడికెంచి ఎవరు రారాదు. పొద్దుగాల, మాపటికి సెట్టుల పిల్చి ఖైరియత్ అడుగుడే.” ఆగాడు. “గందుకే, మొగుడంపల్లిల మంచు పడ్డది. నిజంగనే.”

హాల్లో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాననుకుంటాను, ముఖానికి చెప్పడం మరిచిపోయాను. “దూరం పోస్టుకు మొగుడంపల్లే ఎందుకు మామా?” అని అడిగాను. ఆ ప్రశ్న జోకు కోసం అడగలేదు. అప్పటికి జోకులు అయిపోయాయి.

“గా చలికాలం మీ అత్త ఆడ ఉండె గద.”

చివరి వరసలో కుర్చీ కిర్రుమంది. అత్త ఇటు తిరిగింది. స్టేజీకీ ఆమెకూ మధ్య అన్ని వరసలున్నా, పక్కింటి గోడ మీదుగా మాట్లాడినట్టు అడిగింది.

“రోజు అడిగినవా?”

“పొద్దుగాల, మాపటికి.”

“ఏమన్నరు?”

“ఖైరియత్ అన్నరు.”

“ఖైరియత్ ఏడిది?” అంది అత్త. “కాన్పు కాంగనే సలిజరం వచ్చి మంచం పట్టి ఉంటి. ఖైరియతట!”

“చెప్పినోడు మద్రాసోడు. వానికేం తెలుసు?”

ఎవరో కిసుక్కుమన్నారు. అల్లం కాక అటు కోపంగా చూశాడు, ఇప్పుడాయన బావ పక్షం.

“నడుమ జవాబు రాలేదంట గద,” అత్త వదల్లేదు. “దుష్మన్లు గుంజుకున్నరని రాసినవంట.”

“దుష్మన్ను నవల కోసం పెట్టిన. అసలైతె ఏరియల్ ఇరిగింది, గంతె.” మామ మైకు మీదికి కొంచెం వంగాడు. “గా మూడ్నాలుగు దినాలు నాకు బువ్వ దిగలే. పోస్టు కోసం కాదు. పోస్టుల బలమైనోళ్ళే ఉండిరి.”

“మరి ఇంటికొచ్చినంక చెప్పనీకేమైంది? అడిగితి గద!”

“నువ్వు అడిగినప్పుడు గా పేర్లు ఇంక నడుస్తుండె. చెప్పరాదు. రెండు నెలలకు మార్చిన్రు.”

“మార్చినంక చెప్పొద్దా?”

“నువ్వు మల్ల అడగలే.”

అంత మంది ముందు, అంత మైకులో, అంత సులువుగా వచ్చింది ఆ జవాబు. ఇరవై ఏళ్ళకు పైగా ఈయన సెట్టు తెరిచి పెట్టుకుని పిలుపు కోసం కూర్చున్నాడు. ఆవిడేమో అటువైపు సెట్టే లేదనుకుంది. ఇలాంటి చోట నాలాంటి మనిషి ఏదో ఒకటి అనాలి. మైకు దానంతటదే ఒకసారి కుయ్యిమంది, ఆ మాత్రం పని అది చేసింది.

అత్త లేచింది. అందరం అటే చూశాం. ఏడుస్తుందో, స్టేజీ ఎక్కుతుందో, తిడుతుందో. అత్త కొంగు దోపుకుని, “ఉప్మ సల్లగైతుంది, లేవుండ్రి” అంది. వంటల వైపు నడుస్తూ దారిలో ఉన్న టేబుల్ మీద నుంచి పుస్తకం ఒకటి తీసుకుని, చూడకుండానే చంకలో పెట్టుకుంది. ముఖ్య అతిథి ఇంకా మాట్లాడలేదనే సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆయన కూడా ఉప్మాకే లేచాడు.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళితే అత్త అరుగు మీద కళ్ళద్దాలు పెట్టుకుని నవల చదువుతోంది. చాలా వేగంగా పేజీలు తిప్పుతోంది. థ్రిల్లర్ పట్టు బిగించిందని పొంగిపోయి పక్కన కూర్చుని చూశాను. ప్రతి అధ్యాయంలో మొదటి వాక్యం మాత్రం వేలు పెట్టి చదివి, మిగతాదంతా వదిలేసి, తర్వాతి అధ్యాయానికి పోతోంది. యుద్ధం వదిలేసింది. గొట్టాలు వదిలేసింది. పేరా పదకొండు కూడా వదిలేసింది. నేను ఎర్రపెన్నుతో కొట్టేసిన వాక్యాలే ఆవిడకు నవలంతా.

“మిగిలింది సదవవా అత్తా?”

“మిగిలింది మీకు రాసిండు” అంది అత్త, పేజీ తిప్పుతూ.

నవల పెద్దగా అమ్ముడుపోలేదు. చిరాగ్‌పల్లి పెద్దాయన మాత్రం చాయ్ పేజీ మూల మడిచి ఇప్పటికీ వచ్చినవాళ్ళకు చూపిస్తాడట. అత్త ఎప్పుడైనా తమ్ముడింటికి వెళ్ళి రెండ్రోజులుంటే మామ పొద్దునా సాయంత్రం ఫోన్ చేస్తాడు. ఎవరూ పిలవకుండానే. “మొగుడంపల్లి, ఖైరియత్ చెప్పు” అంటాడు. “ఖైరియతే. పెట్టేయ్, పొయ్యి మీద పెట్టొచ్చిన” అంటుంది అత్త. కానీ ఆవిడ ముందు పెట్టేయదు. ఆయనా పెట్టేయడు. కాసేపు ఇద్దరూ అలా లైను మీద ఉంటారు, అల్లం కాక ఫోను బిల్లు గురించి అల్లమంత ఘాటుగా ఏదో అనేదాకా.

నేనిప్పుడు హైదరాబాద్‌లో ఒక ప్రచురణ సంస్థలో ఉన్నాను. ఇతరుల పుస్తకాల్లో అనవసరమైన వాక్యాలు కొట్టేయడం నా ఉద్యోగం. నవ్వకండి, దానికి జీతం కూడా ఇస్తారు. ఎప్పుడైనా ఒక వాక్యం మళ్ళీ మళ్ళీ వస్తే నా పెన్ను ముందులా గబుక్కున దిగదు. ముందు ఆ రచయితకు ఫోన్ చేసి, ఈ వాక్యం ఎవరి కోసం రాశారని అడుగుతాను. ఎక్కువమంది ‘పొరపాటున వచ్చిందండీ, తీసేయండి’ అంటారు. కొందరు మాత్రం ఒక క్షణం ఆగుతారు. అప్పుడు నాకు బస్టాండు వెనక సందులో, ఫ్యాను కింద, మొగుడంపల్లిలో మంచేంటని పగలబడి నవ్వుతూ టిక్కుల మీద టిక్కులు చూసి కూడా ఏమీ తట్టని పిల్ల ఒకతె గుర్తొస్తుంది. పెన్ను మూత పెట్టి, “ఉంచుతాన్లెండి” అంటాను.